బొడ్డు కోసిన చేతులకు పట్టా ఎప్పుడు?

హుస్నాబాద్ చరిత్ర అనంగనే మనకు పేర్లు దొరుకుతయి. 1948 మార్చి 14న మహమ్మదాపూర్ గుట్టల్లో నేలకొరిగిన అనభేరి ప్రభాకర్‌రావు పేరు, ఆయన దళం పేరు పుస్తకాలకెక్కినయి. ఆ గుట్టల కింది ఊళ్లల్లో అదే ఏడు పుట్టిన పిల్లలకు బొడ్డు కోసిన మంత్రసానుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. మా అమ్మమ్మ వాళ్లల్లో ఒకామె. మేం ఈ వ్యాసం రాయడానికి కారణం ఆమె మనుమరాలు, మా పెద్దమ్మ బిడ్డ, అడిగిన ఒక ప్రశ్న.

"చెల్లె, నాకు ముప్పై నాలుగు పడ్డయి. ఆశా పని చేసి చేసి యాష్టకొచ్చింది. నర్సు చదువుత. ఏఎన్ఎంకు పోవాల్నా, జీఎన్ఎంకు పోవాల్నా? డిగ్రీ నాతోని అయితదా?"

పరిశోధన చేస్తున్నోళ్లం కదా, మాకు తెలుస్తదనుకున్నది. వెంటనే చెప్పలేకపోయినం. కోర్సుల వివరాలు ఎవరన్నా చెప్తరు. ఆ కోర్సులు ఒకదాని మీద ఒకటి అట్ల ఎందుకు పేర్చి ఉన్నయో తెలియకుండ సలహా ఇవ్వడం కుదరదు.

మన ఊళ్లల్లో కాన్పు పని కులాల పని. మంత్రసాని చాలా చోట్ల మంగలి ఆడామెనో మాదిగ ఆడామెనో. బొడ్డు కోసేది, మాయ పూడ్చేది, పురిటి గుడ్డలు ఉతికేది కింది కులాలోళ్లే. దొరసానికి నొప్పులొస్తే ముట్టుకోవచ్చు. బిడ్డ కేర్‌మన్నంక ఆ చెయ్యే మైల. ఇచ్చేది కుంచెడు వడ్లు, పాత చీర. 1885లో డఫరిన్ ఫండ్ వచ్చింది. 1903లో దాయిలకు శిక్షణ ఇచ్చేందుకు విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్ నిధి పెట్టిన్రు. ఆ కాలపు రాతల్లో దాయి అంటే మురికిది, మూర్ఖురాలు. గుడిసెలో సబ్బు లేకపోవడం మురికా, కులం మురికా అన్నది విడదీసి చూసినోళ్లు తక్కువ.

నర్సు చదువు తలుపు దళిత ఆడపిల్లలకు మొదట తెరిచింది మిషన్ ఆస్పత్రులే. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆస్పత్రి తెరిచింది. ఇటు మెదక్, కరీంనగర్ వైపు వెస్లియన్ మిషనోళ్లు పనిచేసిన్రు. పరాయి మగవాళ్ల ఒళ్లు ముట్టుకునుడు, రాత్రి డ్యూటీలు, చీము నెత్తురు అగ్రకుల ఇండ్లకు పరువు తక్కువ. వాళ్లు వద్దన్నందుకే మాల మాదిగ క్రైస్తవ బిడ్డలకు దొరికింది. దీన్ని ఎవరో పెట్టిన దయగా మేం చూడం. అట్లని ఆ తలుపును చిన్నగ చేసి చెప్పడం కూడా సరికాదు. ఎందరి ఇండ్లల్లోనో మొదటి జీతం అదే.

1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే దేశం మొత్తంలో నర్సులు ఏడు వేల మంది, 43,000 మందికి ఒక్కరు. ఢిల్లీలో, వెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ మొదలైంది కూడా ఆ ఏడే. ఇంకొన్నేండ్లకు మెట్లు స్థిరపడ్డయి: పైన డిగ్రీ, దాని కింద జీఎన్ఎం, ఆ కింద ఏఎన్ఎం, అన్నింటికింద దాయి. అంబేద్కర్ చెప్పిన మెట్ల అసమానత ఆస్పత్రి వార్డుల కూడా ఉన్నది. కిందికి దిగినకొద్దీ పని పెరుగుతది, మాట తగ్గుతది.

ఇక వయసు సంగతి. నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో ఏఎన్ఎంకైనా జీఎన్ఎంకైనా చేరడానికి 17 నుంచి 35 ఏండ్లు. ఇదివరకే ఏఎన్ఎం చదివినోళ్లు జీఎన్ఎంకు పోతే వయసు అడ్డు లేదు. 2005లో వచ్చిన ఆశా పథకం మార్గదర్శకాలు చూడండి: 25 నుంచి 45 ఏండ్లది, పెండ్లయినదో, భర్త చనిపోయినదో, విడాకులైనదో కావాలె. అంటే జీతం లేని పనికి నలభై ఏండ్లామె పనికొస్తది, పట్టా వచ్చే చదువుకు ముప్పై ఆరేండ్లామె పనికిరాదు. పదిహేనేండ్లకు పెండ్లయి, పిల్లల్ని పెంచి, ఊపిరి తీసుకునే యాళ్లకు మా అక్కలాంటోళ్లకు తలుపు మూస్తరు.

ఇంకొకటి. ఆస్పత్రి కాన్పుల పేరుతోటి మంత్రసానిని పక్కకు పెట్టిన్రు. 2017లో మళ్ల కరీంనగర్‌లోనే నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టిన్రు. కోతలు తగ్గాలె, మామూలు కాన్పులు పెరగాలె అని. మంచిదే. కాని అందులకు పోవాల్నంటే నర్సుగా రిజిస్టర్ అయి ఉండాలె. మా అక్కకు ఈ ముచ్చట చెప్తే నవ్వింది: "అమ్మమ్మ పనికి అన్నేండ్లు చదవాల్నా!"

మేం చెప్పింది ఇది. నేరుగా బీఎస్సీ కుదరదు. దానికి ఇంటర్ బైపీసీ కావాలె, ఆమెది ఓపెన్ స్కూల్‌ల ఆర్ట్స్. ఏఎన్ఎం రెండేండ్లల్ల అయిపోతది, జీఎన్ఎం మూడేండ్లు. తొందరగా అయిపోయేదే మేలనిపిస్తది. కాని 2023 ఆగస్టుల పర్మినెంట్ చేయమని సమ్మెకు దిగిన కాంట్రాక్టు ఏఎన్ఎంలను చూసినం. ఏఎన్ఎం దగ్గరనే ఆగిపోతే మళ్ల ఊరూరు తిరిగే పనే. జీఎన్ఎం అయితే స్టాఫ్ నర్సు కావచ్చు, ఆ మీద రెండేండ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉన్నది, మిడ్‌వైఫరీ ఉన్నది. మూడేండ్లు ఆశా పైసలు రావు, ఇల్లు ఎట్ల నడుస్తదన్నదానికి మా దగ్గర జవాబు లేదు. పుస్తకాలన్నీ ఇంగ్లీషే. యూనివర్సిటీల మొదటి ఏడు ఇంగ్లీషు పుస్తకం ముంగట కూసొని ఏడ్చినోళ్లమే మేం కూడా, ఆ మాట కూడా దాచలేదు.

అక్క జీఎన్ఎంకే దరఖాస్తు పెడుతున్నది. ఆమె పదో తరగతి మెమో మీద కరీంనగర్ జిల్లా అని ఉన్నది. 2016లో హుస్నాబాద్‌ను సిద్దిపేటల కలిపిన్రు కాబట్టి కొత్త కులం సర్టిఫికెట్ మీద సిద్దిపేట జిల్లా. రెండూ ఒక్క ఊరేనని ఎవరన్న అడిగితే ఏం చూపాలెనని కాయితాలన్నీ ఒక సంచిల పెట్టుకొని తిరుగుతున్నది.