మురుగునీటితో పశుగ్రాస సాగు: మూసీ తీరపు చరిత్ర

ఇళ్ల నుంచి, పరిశ్రమల నుంచి వెలువడే మురుగును శుద్ధి చేసి మేత పంటలకు పారిస్తే, నీటి ఎద్దడి ఉన్న ప్రాంతాలలో సైతం ఏడాది పొడవునా పచ్చిమేత దొరుకుతుంది. తెలుగునాట ఈ సాగు ప్రధానంగా హైదరాబాద్ దిగువన మూసీ వెంట విస్తరించింది. అయితే అక్కడ సాగు ముందుగా మొదలై, శుద్ధి చాలా ఆలస్యంగా వచ్చింది.

పూర్వరంగం

పందొమ్మిదో శతాబ్దంలో ఎడిన్‌బరో శివారులోని క్రెయిగెంటినీ పచ్చిక బయళ్లకు నగరపు మురుగు పారించి, కోసిన గడ్డిని పాడి పశువులు పెంచేవారికి అమ్మేవారు. మెల్‌బోర్న్ సమీపంలోని వెరిబీలో 1897 నుంచి మురుగుతో తడిపిన పచ్చికపై పశువులను మేపారు.

మూసీ తీరంలో

1908 నాటి వరదల తరువాత ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) నిర్మాణంతో మంచినీరు అక్కడే నిలిచిపోగా, నగరం పెరిగేకొద్దీ వేసవిలో దిగువ మూసీలో పారేది చాలావరకు మురుగే అయింది. నదికి అడ్డంగా కట్టిన కత్వల నుంచి, అంటే నీటిని మళ్లించే చిన్న ఆనకట్టల నుంచి, ఆ నీరు కాలువల ద్వారా పొలాలకు చేరేది. నగరానికి దగ్గరగా ఉన్న పీర్జాదిగూడ, పర్వతాపూర్ వంటి గ్రామాలలో వరి దిగుబడి తగ్గడంతో రైతులు పారాగడ్డికి మళ్లారు. ఆఫ్రికా మూలానికి చెందిన ఈ గడ్డి నిలువ నీటిని తట్టుకుని, కోసినకొద్దీ మళ్లీ చిగురిస్తుంది కాబట్టి, నగరంలో బర్రెలు సాకేవారికి నిత్యం మోపులుగా అమ్ముడుపోయి రైతు చేతికి నగదు తెచ్చింది.

ఆరోగ్య సమస్యలు, ప్రమాణాలు

ఈ నీటిలోని నత్రజని పైరుకు ఎరువుగా పనికొచ్చినా, దానితోపాటు పేగు పురుగుల గుడ్లు, సూక్ష్మక్రిములు, పరిశ్రమల భార లోహాలు మట్టిలోకి చేరుతాయి. బద్దెపురుగులలో ఒక జాతి గుడ్లు మేతతో పశువు కడుపులోకి వెళ్లి, అక్కడ లార్వాలుగా మారి, సరిగా ఉడకని మాంసం ద్వారా మనిషికి చేరగలవు. మూసీ తీరంపై 2008లో వెలువడిన అధ్యయనం మురుగునీటి సాగు కుటుంబాలలో కొంకి పురుగు వంటి పేగు పురుగుల బెడద ఎక్కువని చూపింది. నీరు కత్వల వెనుక నిలిచి సాగేకొద్దీ దాని నాణ్యత మెరుగుపడుతుందని మరో అధ్యయనం తెలిపింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో, మేత, తృణధాన్యాల వంటి పంటలకు పారించే నీటిలో లీటరుకు ఒకటికి మించి పేగు పురుగుల గుడ్లు ఉండకూడదని సూచించింది. గుడ్లు బరువైనవి కనుక, నీటిని చెరువులలో ఎనిమిది నుంచి పది రోజులు నిలిపితే అడుగుకు దిగిపోతాయి. 2006 మార్గదర్శకాలు శుద్ధి ఒక్కదానిపైనే ఆధారపడకుండా, పొలం నుంచి వినియోగదారుడి దాకా వరుసగా పలు రక్షణలు ఉండాలన్నాయి. నీరు ఆపాక కొన్ని రోజులు గడిచాకే పాడి పశువులను మేపడం, కూలీలకు బూట్లు, చేతితొడుగులు, నులిపురుగుల మందు ఇవ్వడం అటువంటివే.

శుద్ధి దశ

అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో, తరువాత నాగోలు తదితర చోట్ల శుద్ధి కేంద్రాలు వచ్చాయి. అయితే భార లోహాలను ఇళ్ల మురుగుకు ఉద్దేశించిన శుద్ధి పూర్తిగా తొలగించదు కాబట్టి, పరిశ్రమల వ్యర్థాలను మొదట్లోనే వేరుచేయడం తప్పనిసరి. మూసీ అనుభవం స్పష్టం చేసేదిదే: నీటిలోని సారం రైతుకు ఎంత విలువైనదైనా, గడ్డి కోసే కూలీ ఆరోగ్యాన్నీ, పాలు తాగే బిడ్డ ఆరోగ్యాన్నీ కాపాడినప్పుడే ఈ సాగు సురక్షితమని చెప్పడం న్యాయం.