పాట ఎవరిది? ఎక్స్ జపాన్ పాటల వెనక కథ

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

ఎక్స్ జపాన్ అనే బ్యాండు పాత ఫొటోలు చూస్తే ముందు నవ్వొస్తుంది. తాటాకు విసనకర్రలా నిలబెట్టిన జుట్టు, ముఖం నిండా రంగు, కళ్ళకు కాటుక, ఆడవాళ్ళ దుస్తుల్లాంటి అలంకారం. "వీళ్ళేం పాడతారులే" అని దాటేస్తాం. 1980ల్లో జపాన్‌లో చాలామంది అట్లాగే దాటేశారు కూడా. అదే బ్యాండు పాటను తర్వాత ఒక ప్రధానమంత్రి పార్టీ ప్రచారానికి వాడుకుంది. స్కూలు పిల్లలు ఆటల మైదానంలో వాయించారు. అంతిమయాత్రకు వచ్చిన వేలమంది ఏడుస్తూ విన్నారు. ఇదంతా ఎట్లా జరిగింది? పాట పేరు తెచ్చుకోవడమంటే ఎన్ని డిస్కులు అమ్ముడుపోయాయనే లెక్క ఒక్కటే కాదు. జనం ఆ పాటతో ఏం చేశారో చూస్తేనే అసలు చరిత్ర తెలుస్తుంది.

కథ చిబా ప్రాంతంలోని తాతెయామా అనే చిన్న సముద్రతీర పట్టణంలో మొదలవుతుంది. యోషికి వాళ్ళది కిమోనో బట్టల దుకాణం. నాలుగేళ్ళ వయసు నుంచే పియానో నేర్చుకున్నాడు. పదేళ్ళప్పుడు తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాతే అమెరికా బ్యాండు కిస్ సంగీతం అతణ్ణి పట్టేసింది, డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. చిన్నప్పటి నేస్తం తోషి గొంతు ఇచ్చాడు. 1982లో, హైస్కూల్లో ఉండగానే, ఇద్దరూ కలిసి 'ఎక్స్' అనే బ్యాండు పెట్టారు. ఒక చేతిలో పియానో మెత్తదనం, ఇంకో చేతిలో డ్రమ్స్ ఉరుము. తర్వాత వచ్చిన పాటలన్నిటికీ మూలం ఈ రెండు చేతులే.

టోక్యోకు వచ్చాక దారి సులువుగా లేదు. కంపెనీ కోసం ఎదురుచూడకుండా యోషికి 1986లో ఎక్స్‌టసీ రికార్డ్స్ అని సొంత సంస్థ పెట్టాడు. గిటార్లకు హిదె, పాటా, బేస్‌కు తాయిజి చేరారు. 1988లో మొదటి ఆల్బమ్ సొంత సంస్థలోనే వచ్చింది. 1989 ఏప్రిల్‌లో సీబీఎస్ సోనీ నుంచి 'బ్లూ బ్లడ్' వచ్చింది. దాని అట్ట మీద రాసుకున్న నినాదంలో 'విజువల్ షాక్' అనే మాట ఉంది. ఈ ధోరణి మొత్తానికి 'విజువల్ కెయ్' అన్న పేరు అందులోంచే వచ్చిందని చెబుతారు. 'కెయ్' అంటే తరహా, వరస. అప్పటిదాకా ఎగతాళికి కారణమైన వేషమే ఒక వరసకు పేరైంది.

ఇక పాటల దగ్గరికి వద్దాం.

మొదటిది 'కురెనాయి'. అంటే ముదురు ఎరుపు రంగు. 1988 ఆల్బమ్‌లో ఇంగ్లీషు మాటలతో ఉన్న పాటను 'బ్లూ బ్లడ్' కోసం మళ్ళీ రికార్డు చేసి జపనీస్‌లో పాడారు. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో సింగిల్‌గా విడుదల చేశారు. నెమ్మదిగా, దిగులుగా మొదలై, ఉన్నట్టుండి గుర్రాల మంద వదిలినట్టు పరుగెత్తుతుంది. ఈ పాట ఎక్కడెక్కడ తిరిగిందో చూడండి. కోషియెన్‌లో జరిగే హైస్కూల్ బేస్‌బాల్ పోటీల్లో స్కూలు బ్యాండు మేళాలు తమ ఆటగాళ్ళను ఉత్సాహపరచడానికి దీన్ని వాయిస్తాయి. యమా వయామా గీసిన 'కరావోకె ఇకో!' అనే బొమ్మల కథలో ఒక యాకూజా రౌడీ, స్కూలు పిల్లాడి దగ్గరికి వెళ్ళి ఈ పాట పాడటం నేర్పమంటాడు. పిల్లాడికేమో గొంతు మారే వయసు. 2024లో అది సినిమాగా కూడా వచ్చింది. పాట పుట్టిన ముప్పై ఏళ్ళ తర్వాత కూడా కొత్త పిల్లలు దాన్ని తమదిగా చేసుకుంటున్నారు.

రెండోది 'ఎండ్‌లెస్ రెయిన్', 1989 డిసెంబర్‌లో సింగిల్‌గా వచ్చింది. ఉరుములాంటి బ్యాండు చేతిలో నుంచి పియానో మీద నడిచే నెమ్మది పాట. కచేరీల్లో ఒక అలవాటు పుట్టింది. వాయిద్యాలు ఆగిపోయినా జనం ఆగరు, పల్లవిని పదే పదే పాడుతూనే ఉంటారు. తోషి మైకు పక్కకు పెట్టి వింటాడు. అక్కడ పాడేవాళ్ళు ఎవరు, వినేవాళ్ళు ఎవరు?

'ఎక్స్' అనే పాటకూ అట్లాంటిదే ఒక అలవాటుంది. వేలమంది చేతులు అడ్డంగా పెట్టి ఎక్స్ గుర్తు చేస్తూ ఒకేసారి గెంతుతారు.

1991లో 'జెలసీ' ఆల్బమ్, అందులో 'సైలెంట్ జెలసీ' వచ్చాయి. 1992 జనవరిలో టోక్యో డోమ్‌లో మూడు రోజుల కచేరీలు ముగియగానే తాయిజి బ్యాండు వదిలాడు. హీత్ చేరాడు. అమెరికాలో అప్పటికే ఎక్స్ పేరుతో ఒక బ్యాండు ఉండటంతో వీళ్ళు 'ఎక్స్ జపాన్' అయ్యారు. 1993లో 'ఆర్ట్ ఆఫ్ లైఫ్' వచ్చింది. ఆల్బమ్ మొత్తం ఒక్కటే పాట, 29 నిమిషాలు. మధ్యలో ఒక్క పియానో మాత్రమే నిమిషాల తరబడి మోగుతుంది. శ్రుతి తప్పినట్టు, తనతో తాను కొట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. రేడియోలో వేయడానికి ఏమాత్రం వీల్లేని పాట. అయినా ఒరికాన్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. 'టియర్స్', 'రస్టీ నెయిల్' కూడా ఆ కాలానివే.

ఇప్పుడు 'ఫరెవర్ లవ్' గురించి. అసలు కథ ఇక్కడే ఉంది. 1996లో 'ఎక్స్' అనే యానిమే సినిమాకు ముఖ్యగీతంగా వచ్చిన ప్రేమపాట ఇది. మరుసటి ఏడు తోషి బ్యాండు నుంచి తప్పుకోవాలనుకున్నాడు, బ్యాండు విడిపోతోందని సెప్టెంబర్‌లో ప్రకటించారు. 1997 డిసెంబర్ 31న టోక్యో డోమ్‌లో ఆఖరి కచేరీ. అదే రాత్రి ఎన్‌హెచ్‌కే వారి 'కోహకు' కార్యక్రమంలో ఈ పాటే పాడి సెలవు తీసుకున్నారు. ప్రేమపాట కాస్తా వీడ్కోలు పాటైంది.

నాలుగు నెలలు గడిచాయి. 1998 మే 2న హిదె చనిపోయాడు. వయసు 33. పోలీసులు ఆత్మహత్య అన్నారు, తోటివాళ్ళు ప్రమాదమనే నమ్మారు. టోక్యోలోని త్సుకిజి హోంగాన్‌జి బౌద్ధ ఆలయం దగ్గరికి దాదాపు 50 వేలమంది వచ్చారు. తామూ అతని వెంటే వెళ్ళిపోతామని తెగించిన పిల్లలు ఉండటంతో, అట్లా చేయొద్దని యోషికి అందరి ముందూ వేడుకోవాల్సి వచ్చింది. చిన్నప్పుడు తండ్రిని అట్లా పోగొట్టుకున్నవాడు చెప్పిన మాట అది. ఆ అంత్యక్రియల్లో యోషికి పియానో వాయించగా తోషి పాడింది 'ఫరెవర్ లవ్'. వీడ్కోలు పాట చావుపాటైంది.

అక్కడితో ఆగలేదు. 2001లో ప్రధాని జునిచిరో కొయిజుమి పార్టీ ఎన్నికల టీవీ ప్రకటనలో అదే పాట మోగింది. కొయిజుమి నియోజకవర్గం యోకోసుకా, హిదె పుట్టిన ఊరు కూడా అదే. ఏడుపుకు వాడిన పాటను ఓట్లకు వాడితే కొందరికి నొప్పి కలగకుండా ఉంటుందా? నాకైతే ఆ ప్రకటన సంగతి మొదటిసారి చదివినప్పుడు మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే ఇంకోటి తోచింది. జనం గొంతులోకి దిగిన పాట దగ్గరికే అధికారం కూడా వస్తుంది. ఎవరికీ పట్టని పాటను ఎవరూ అరువు అడగరు.

2007లో బ్యాండు మళ్ళీ కలిసింది. 2008 మార్చిలో టోక్యో డోమ్‌లో 'ఆర్ట్ ఆఫ్ లైఫ్' వాయిస్తుంటే పాత దృశ్యాల నుంచి తీసిన హిదె రూపం వేదిక మీద కనిపించింది. 2010లో తాయిజి కూడా పాత మిత్రులతో వేదిక ఎక్కాడు. మరుసటి ఏడే పోయాడు. 2023లో హీత్ పోయాడు. ముగ్గురు లేరు, పాటలు మాత్రం ఉన్నాయి.

మనం వేషాన్ని చూసి మనిషిని కొలుస్తాం, భాష రాదని పాటను పక్కన పెడతాం. మనల్ని అట్లా కొలిచినప్పుడు మాత్రం నొచ్చుకుంటాం. ఈ రాత్రి ఒక పని చేయండి. లైటు తీసేసి, ఫొటోలు చూడకుండా, 'కురెనాయి' ఒక్కసారి వినండి. మొదటి నెమ్మది భాగం దాటి డ్రమ్స్ అందుకునే దాకా ఆగండి. తర్వాత అది ఎవరి పాటో మీరే చెప్పండి.

జోహార్ హిదె. జోహార్ తాయిజి. జోహార్ హీత్.