లేనివాటి చరిత్ర

మన ఇళ్లలో దేవతార్చన పెట్టె తెరిచి చూస్తే చాలాచోట్ల ఒక శాలగ్రామం కనబడుతుంది. నేపాళదేశంలో గండకీనది దొర్లించుకొని వచ్చే నల్లని రాయి అది. దానిలో చుట్టలు చుట్టుకొని ఉండే గుర్తు భక్తునికి విష్ణుచక్రం. భూగర్భశాస్త్రజ్ఞుడు అదే గుర్తును చూచి, ఇది అమ్మొనైట్ అనే సముద్రజీవి గుల్ల విడిచిన ముద్ర అంటాడు. ఈ రెండు చూపులకూ తగవు పెట్టనక్కరలేదు. హిమాలయాలు పుట్టకముందు అక్కడ సముద్రం ఉండేది. అందులో ఈదిన ప్రాణి అడుగున బురదలో కూరుకొనిపోయి, కాలక్రమాన రాయిగా మారి, పర్వతంతోపాటు పైకి లేచి, నదిలో నునుపుదేలి, మన పూజాగృహం చేరినది.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచినది ఆ ప్రాణి ఉండడాన్ని గురించి కాదు, లేకపోవడాన్ని గురించి. ముప్పది కోట్ల సంవత్సరాలకు పైగా సముద్రాలన్నింటా వర్ధిల్లిన ఆ వంశం ఈనాడు ఏ సముద్రంలోనూ లేదు. లేదని మనకు ఎట్లా తెలిసినది? ఉన్నదానికి సాక్ష్యం చూపవచ్చు. లేనిదానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి శాస్త్రజ్ఞులకు రెండు వందల ఏండ్లు పట్టినది. ఆ వెదుకులాటలో ఒక ఘట్టం మన గోదావరి ఒడ్డున జరిగినది.

పద్దెనిమిదవ శతాబ్దిలో యూరపు, అమెరికా దేశాల పండితులలో పెక్కుమంది, సృష్టిలోని ఏ జాతీ పూర్తిగా నశించదని నమ్మేవారు. 1797లో థామస్ జెఫర్సన్ పెద్ద గోళ్లు గల ఒక జంతువు ఎముకలను గురించి వ్యాసం సమర్పించినప్పుడు, అటువంటి జంతువు అమెరికా ఖండపు లోతట్టు ప్రదేశాలలో ఇంకా సంచరిస్తూ ఉండవచ్చునని భావించినాడు. అయితే అంతకు ముందటి సంవత్సరమే, 1796లో, పారిస్ నగరంలో ఇరవై ఆరేండ్ల జార్జి క్యువియే ఏనుగుల దవడలను ప్రక్కప్రక్కన ఉంచి పోల్చినాడు. భారతదేశపు ఏనుగు వేరు, ఆఫ్రికా ఏనుగు వేరు, సైబీరియాలో దొరికిన మామత్ ఈ రెండూ కాదు అని తేల్చినాడు. ఒక చిన్న పురుగు ఏ అడవి మూలనో దాగి ఉండవచ్చును గాని, ఏనుగంత జంతువు మనుష్యుల కంట పడకుండా ఎక్కడ దాగుతుంది? కాబట్టి అది నశించినది. జాతులు నశిస్తాయన్న మాటకు శాస్త్రగౌరవం ఆనాటినుండి వచ్చినది.

అటు తరువాత 1841లో ఇంగ్లండుకు చెందిన జాన్ ఫిలిప్స్, రాతిపొరలలో దొరికే జీవులను బట్టి భూమి చరిత్రను మూడు మహాయుగాలుగా విభజించినాడు: పురాజీవ యుగం, మధ్యజీవ యుగం, నవ్యజీవ యుగం. ఒక యుగానికీ మరొక యుగానికీ నడుమ జీవుల జాబితా దాదాపు మారిపోవడం ఆయన గమనించినాడు. కాని డార్విన్ వంటివారు తొందరపడవద్దన్నారు. భూమి చరిత్ర పుటలు చినిగిన గ్రంథం వంటిది, పుటలు పోయినచోట మార్పు హఠాత్తుగా జరిగినట్లు తోచడం సహజమని వారి వాదం. అయినా అమ్మొనైట్ల అదృశ్యం మాత్రం ఆశ్చర్యం కలిగించేటంత ఆకస్మికంగా ఉన్నదని డార్విన్ కూడా 1859లో ఒప్పుకొన్నాడు.

డార్విన్ హెచ్చరికలో న్యాయం ఎంత ఉన్నదో తెలియడానికి మన కడప జిల్లానుండే ఒక ఉదాహరణ చెప్పవచ్చు. చిట్టడవులలో రాత్రివేళ తిరిగే కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డన్ అనే వైద్యుడు లోకానికి పరిచయం చేసినాడు. 1900 తరువాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయినదనే అందరూ అనుకొన్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో అది సజీవంగా దొరికినది. ఎనభై ఆరు సంవత్సరాలు లెక్కలో లేని పక్షి అడవిలో ఉంటూనే ఉన్నది! కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. బ్రతికి ఉన్న పక్షి విషయంలోనే ఇంత పొరపాటు జరిగితే, కోట్ల ఏండ్లనాటి రాళ్ల విషయం వేరే చెప్పాలా?

ఈ చిక్కునే 1982లో ఫిలిప్ సిగ్నర్, జెరీ లిప్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు సూత్రీకరించినారు. ఒక జాతికి చెందిన చివరి శిలాజం, ఆ జాతిలో చివరి ప్రాణి కాదు. అరుదైన ప్రాణి శిలాజాలు అరుదుగానే దొరుకుతాయి. అందువల్ల వేయి జాతులు ఒకేనాడు నశించినా, రాతిలో మాత్రం అవి ఒకదాని తరువాత ఒకటి మెల్లమెల్లగా నిష్క్రమించినట్లు కనబడుతుంది. స్పెయిన్ సముద్రతీరాన జుమాయా అనే చోట పీటర్ వార్డ్ అమ్మొనైట్ల కోసం వెదకినప్పుడు ఇదే అనుభవమైనది. మధ్యజీవ యుగం ముగిసే గీతకు కొన్ని మీటర్ల దిగువనే అవి ఆగిపోయినట్లు మొదట తోచినది. తీరం వెంబడి మరికొన్ని చోట్ల, మరికొన్ని ఏండ్లు ఓపికగా వెదకగా, అవి ఆ గీత దాకా వచ్చినవని తెలిసినది.

మరి ఈ పొరపాటుకు తావులేని సాక్షి ఎవరు? అరుదైన పెద్దప్రాణి కాదు, అసంఖ్యాకంగా దొరికే అతిచిన్న ప్రాణి. ఫొరామినిఫెరా అనే ఏకకణజీవులు సముద్రంలో తేలుతూ బ్రతుకుతాయి. ఒక్కొక్కటి ఇసుకరేణువంత సున్నపు గుల్ల కట్టుకొంటుంది. చనిపోగానే ఆ గుల్లలు అడుగున చేరి పొరలు పొరలుగా పేరుకొంటాయి. పిడికెడు రాతిపొడిలో వేలకొలదిగా దొరుకుతాయి. ఇన్ని దొరికేచోట ఒక జాతి ఒక్కసారిగా కనబడకపోతే, అది దాగినదని చెప్పడానికి వీలులేదు.

ఇటలీదేశంలో గుబియో అనే కొండపట్టణం దగ్గర సున్నపురాతి పొరలలో ఈ సాక్ష్యం స్పష్టంగా ఉన్నది. దిగువ పొరలలో పెద్దవి, చక్కని నగిషీ గల గుల్లలు. వాటిపైన సుమారు ఒక సెంటీమీటరు మందాన బంకమట్టి. ఆ పైన పూర్వపు గుల్లలు లేవు, సూదిమొనవంటి చిన్న గుల్లలు మాత్రమే ఉన్నవి. ఆ చిన్నవానిలో ఒకదానికి 1964లో ఆ పట్టణపు లాటిన్ పేరు మీదుగా యుగుబినా అని పేరు పెట్టినారు. ఆ బంకమట్టి పేరుకొనడానికి ఎంతకాలం పట్టినదో తెలుసుకోగోరి వాల్టర్ అల్వరెజ్, భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన తన తండ్రి లూయీ, మరి ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు దానిని పరీక్షించినారు. భూమిపై బహు అరుదైన ఇరిడియం అనే లోహం ఆ మట్టిలో ఇరుగుపొరుగు రాళ్లలో కంటె ముప్పది రెట్లు ఉన్నది. సుమారు పది కిలోమీటర్ల గ్రహశకలం భూమిని ఢీకొన్నదని వారు 1980లో ప్రకటించినారు. 1991లో మెక్సికో తీరాన చిక్సులూబ్ వద్ద, భూమిలో పూడిపోయిన సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గల గుంట ఆ ఘాతం తాలూకుదేనని వెల్లడి అయినది. అది జరిగి 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలు. ఆనాడున్న జీవజాతులలో నాలుగింట మూడు వంతులు నశించినవని అంచనా.

నశించిన కథ చెప్పే పొరలకు పైన, కోలుకొన్న కథ చెప్పే పొరలు ఉంటాయి. అమెరికాలో న్యూమెక్సికో ప్రాంతపు రాళ్లలో ఇరిడియం పొర వద్దనే పూలమొక్కల పుప్పొడి హఠాత్తుగా తగ్గి, ఫెర్న్ మొక్కల బీజాలు విపరీతంగా పెరుగుతాయి. అడవి కాలిన బీడులో మొదట మొలిచేవి ఆ మొక్కలే. కొలరాడో ప్రాంతంలో దొరికిన శిలాజాలను 2019లో వివరించినారు. మొదట అక్కడ మిగిలిన క్షీరదాలలో పెద్దది ఎలుకకు మించలేదు. మూడు లక్షల ఏండ్లకు సుమారు 25 కిలోలు, ఏడు లక్షల ఏండ్లకు సుమారు 50 కిలోలు తూగే జంతువులు వచ్చినవి. ఆ రెండవ పెరుగుదల నాటి పొరలలోనే చిక్కుడు కుటుంబపు కాయల శిలాజాలు దొరికినవి. మనం నిత్యం వండుకొనే పప్పుదినుసుల బంధువులు ఆనాడు ఆ జంతువులకు పుష్టినిచ్చినవని పరిశోధకుల ఊహ.

ఇక మన గోదావరి తీరానికి వద్దాం. దాదాపు అదే కాలంలో మన దక్కను పీఠభూమిపై భూమి పగిలి శిలాద్రవం వెల్లువలుగా ప్రవహించినది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోనూ, నదికి ఆవలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరు ప్రాంతాలలోనూ కంకర కొట్టే నల్లరాయి అదే. పశ్చిమ కనుమల దిక్కునుండి దాదాపు వేయి కిలోమీటర్లు ప్రవహించి ఆ ద్రవం ఇక్కడ సముద్రం చేరినదని పలువురి అభిప్రాయం. ఈ క్వారీలలో ఒక విశేషం ఉన్నది. దిగువ నల్లరాయికీ, ఎగువ నల్లరాయికీ నడుమ కొద్దిపాటి మందాన సున్నపురాయి, మట్టి పొరలు ఉన్నవి. ఒక లావా ప్రవాహం చల్లారి, మరొకటి వచ్చేలోపల అక్కడ ఉప్పునీటి కయ్య ఏర్పడి, గవ్వలు పెరిగినవన్నమాట. నాగపురంలో ఉండిన స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లండు మతాచార్యుడు 1860లోనే ఆ గవ్వలను వర్ణించినాడు. అప్పటినుండి ఆ పొర ఏ యుగానిదన్న చర్చ సాగుతూనే వచ్చినది.

2008లో గెర్టా కెల్లర్, సునీల్ బాజ్‌పాయ్ మొదలైనవారు ఆ పొరలోని ఫొరామినిఫెరా గుల్లలను సూక్ష్మదర్శినితో పరిశీలించి ప్రకటించినారు. అవి మధ్యజీవ యుగపు పెద్ద గుల్లలు కావు. మహావినాశం గడిచిన వెంటనే పుట్టిన చిన్న జాతులు. ఇటలీ కొండలలో యుగుబినా ఏ కాలానికి గుర్తో, కాతేరు క్వారీలలోని పొరది అదే కాలం. దీనిని బట్టి దిగువ లావా, ఆ వినాశానికి చేరువలోనే ప్రవహించినదని తెలిసినది. వినాశానికి ఈ లావా విషవాయువులే ముఖ్యకారణమని కెల్లర్ వాదం. గ్రహశకలమే ముఖ్యకారణమని ఎక్కువమంది మతం. ఆ వాదం ఇంకా తెగలేదు. తెగినది మరొకటి: మన క్వారీలోని ఆ పలుచని పొర, ప్రాణం తిరిగి అడుగులు వేసిన తొలినాళ్ల దినచర్య.

ఈ సాక్ష్యాలన్నీ కలిపి చదివితే ఒక సత్యం తేలుతుంది. కోలుకొనడమంటే పోయినది తిరిగి రావడం కాదు. చిక్సులూబ్ గుంటలోనే కొన్ని ఏండ్లలో ప్రాణులు చేరినవని 2018లో తెలిసినది. కాని జాతుల వైవిధ్యం పూర్వస్థితికి రావడానికి సుమారు కోటి సంవత్సరాలు పట్టినది. వచ్చినవి కూడా పాతవి కావు. అమ్మొనైట్‌ను పోలిన నాటిలస్ మిగిలినది, అమ్మొనైట్ మరి రాలేదు. కోటి సంవత్సరాలంటే మానవుని చరిత్ర యావత్తూ అందులో ఒక మూలకు చాలదు. ప్రకృతి తనను తాను సరిదిద్దుకొంటుందిలే అని మనం నిశ్చింతగా అనుకొనే మాటలో ఎంత కాలం ఇమిడి ఉన్నదో ఈ రాళ్లు చెబుతున్నవి.

కలివికోడి 1986లో మనకు తిరిగి దక్కినది. దాని కొరకు కడప జిల్లా లంకమల అడవులలో అభయారణ్యం ఏర్పడినది. అయినా అది నేటికీ ప్రపంచంలో మిక్కిలి ప్రమాదంలో ఉన్న పక్షులలో ఒకటి. సముద్రపు బురద అమ్మొనైట్ ముద్రను భద్రపరచి మన దేవతార్చనకు అందించినది. ఎర్రమట్టి చిట్టడవిలో తిరిగే పిడికెడు పక్షికి అట్టి భాగ్యం కలగడం చాలా అరుదు. అది ఈసారి నిజంగా పోతే, ఒకప్పుడు ఉన్నదని చెప్పడానికి రాయి కూడా సాక్ష్యానికి రాకపోవచ్చు.