ఎర్రగుంట్ల సిమెంటు, విలీనాల చట్టం

వేంపల్లెకు ఉత్తరాన ఉన్న ఎర్రగుంట్ల ప్రాంతం సున్నపురాతికి పేరుపొందింది. అక్కడి చిలంకూరు సిమెంటు ఫ్యాక్టరీని ఇండియా సిమెంట్స్ సంస్థ 1990లో కొన్నది. ఆ దశాబ్దం చివర ఎర్రగుంట్లలోని ప్రభుత్వరంగ ఫ్యాక్టరీ కూడా దాని చేతికే వచ్చింది. ఈ రెండు కొనుగోళ్ల నడుమ చట్టమే మారిపోయింది. 1969 నాటి గుత్తాధిపత్య నిరోధక చట్టం ప్రకారం పెద్ద సంస్థల విలీనానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. వ్యాపార స్వేచ్ఛ పేరిట ఆ నిబంధనలను 1991లో తొలగించారు. 2002 పోటీ చట్టంలోని విలీన నిబంధనలు 2011 జూన్ 1న గాని అమలుకు రాలేదు. ఆ ఇరవై యేళ్లలో కంపెనీ వాటాదారుకు సెబీ రక్షణ లభించింది గాని, బస్తా కొని ఇల్లు కట్టుకునేవాని పక్షాన ముందుగా అడిగే అధికారి లేడు.

ఆ అడగవలసిన ప్రశ్న ఇస్లామీ ధర్మవేత్తలకు పాతదే. ధరలు నిర్ణయించమని ప్రజలు కోరితే దైవప్రవక్త (స) అంగీకరించలేదని హదీసు. వర్తక స్వేచ్ఛకు అంతటి గౌరవం. అయినా, కూలి తీసుకొని ఆస్తుల వాటాలు పంచిపెట్టే ఖస్సాములు ఒక్క జట్టుగా చేరరాదని హనఫీ ఫఖీహులు కట్టడి చేశారు. ఎవరి పని వారు చేసుకోవచ్చు. జట్టు కడితే మాత్రం కూలి పెరుగుతుంది. ఇబ్నె తైమియా (మరణం 1328) హిస్బాపై రాసిన గ్రంథంలో ఈ తీర్పునే వర్తకుల జట్లకూ అన్వయించాడు.

2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ అధీనంలోకి పోయింది. ఈసారి పోటీ కమిషన్ అనుమతి ముందుగా కావలసివచ్చింది. కమిషన్ అనుమతించింది.