ఐ.పి., పరపతి, భగేలా

అలియాబాద్ చౌరస్తాలో, రాజీవ్ రహదారి పక్కన టీ తాగుతుంటే ఒక మాట నా చెవిని పడింది. "ఐ.పి. పెట్టినోనికి మల్ల అప్పెవలిస్తరు?" అన్నాడు టీ కొట్టాయన. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనే కోర్టు మాటను మనవాళ్లు రెండక్షరాలకు కుదించి ‘పెట్టడం’ తగిలించారు. టోపీ పెట్టడం, నామం పెట్టడం వంటిదే ఇదీనన్న ధ్వని అందులో ఉంది. అప్పు పుట్టడానికీ పలుకుబడికీ కలిపి ‘పరపతి’ అని ఒకే మాట వాడుకునే జాతి మనది. ఐ.పి. పెడితే పోయేది ఆ పరపతే అని లోకం నమ్మకం. అయితే ముందు అది ఎవరికి ఉండేదో చూడాలి కదా.

1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టాన్ని తిరగేశాను. అప్పు కనీసం 500 రూపాయలుంటేనే బాకీదారు పిటిషను పెట్టుకోవచ్చు. అంతకు తక్కువైతే, డిక్రీ కింద జైలుకైనా పోవాలి, ఆస్తికి జప్తు ఉత్తర్వైనా రావాలి. అంటే చిన్న బాకీదారుకు దివాలా హక్కు జైలు గుమ్మంలో దొరికేది! విముక్తి పొందని దివాలాదారు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలో ఆపైనో అప్పు తెస్తే, 72వ సెక్షను కింద ఆరు నెలల దాకా ఖైదు. అతడు మేజిస్ట్రేటు కాలేడు, స్థానిక సంస్థలకు ఎన్నిక కాలేడు. ఇది పరపతి ఉన్నవాణ్ణి మనసులో పెట్టుకుని రాసిన శిక్ష. బావమరిది పేర ఆస్తి రాసే తెలివి కూడా శాసనకర్తలకు తెలుసు. ఉచితంగా చేసిన బదలాయింపును రెండేళ్లలోపు దివాలా పడితే కొట్టివేయవచ్చునన్నారు.

బ్రిటిషిండియా కోర్టుల చట్టం అది. నిజాం ఇలాకాలోని అలియాబాద్‌కు దానితో పని లేదు. ఈ వైపు పల్లెల్లో నాగుకు తెచ్చిన గింజలు తీర్చలేని రైతుకూలీ ఏ కోర్టుకూ పోలేదు, దొర ఇంటికి పోయాడు. అతడి ఆస్తి అతడి ఒళ్లే. దాన్ని జప్తు చేసుకునే పద్ధతికి భగేలా అని పేరు. 1936లో నిజాం ప్రభుత్వం దానిపై ఒక నిబంధన తెచ్చినా భగేలా పోలేదు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టంలోని జాబితాలో ఆ పేరు ఇంకా ఉన్నదంటే నలభై ఏళ్లలో జరిగినదేమిటో ఊహించుకోవచ్చు.

ఆ 1976 చట్టం 6వ సెక్షను వెట్టి బాకీని ఒక్క వేటుతో రద్దు చేసింది. నా దృష్టిలో ఈ నేలమీద నిరుపేదకు దొరికిన నిజమైన దివాలా విముక్తి అదే. మరుసటి కారుకు విత్తనాలెవరిస్తారు? విముక్తుడికి మళ్లీ అలాంటి బాకీ చేసే అవసరం రాకుండా కలెక్టరు ప్రయత్నించాలని 11వ సెక్షనులో రాశారు. ప్రయత్నించాలట! 1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం చిన్న రైతుల, వ్యవసాయ కూలీల, గ్రామీణ చేతిపనివారి అప్పులను రద్దు చేసినప్పుడూ ఇదే చిక్కు. పాత బాకీ కొట్టేసిన చట్టం కొత్త అప్పు ఇప్పించలేకపోయింది.

2016 దివాలా స్మృతిలో వ్యక్తుల భాగం, 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి తప్ప, అమలుకు రాలేదు. మామూలు మనిషికి ఇప్పటికీ 1920 చట్టమే. కాని పరపతి లెక్క కోర్టు చేతిలో లేదు. 2000లో పుట్టిన సిబిల్ 300 నుంచి 900 లోపు ఒక అంకె వేస్తుంది. బ్యాంకు రాజీపడి తక్కువకు బాకీ మాఫీ చేసినా ‘సెటిల్డ్’ అన్న ముద్ర ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

మీ స్కోరెంతని టీ కొట్టాయన్ను అడిగాను. నవ్వాడు. ఆయన అప్పంతా చేబదులు, చిట్టీ, గిరిగిరి. ఆ పుస్తకంలో ఆయన పేరే లేదు.