గౌనిపల్లికి ఎన్ని బైట్లు?

జూన్ మధ్యాహ్నం. కోలారు జిల్లా గౌనిపల్లి తోటల్లో కోసిన మామిడికాయలు క్రేట్లకెక్కుతున్నాయి, శ్రీనివాసపురం మండీకి పోవాలి. మీరు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. క్రేటుకు అంటించే చీటీ మీద ఊరు, తాలూకా తెలుగులో రావాలి. ప్రోగ్రాము సీ భాషలో ఉంది. రెండు పేర్లూ కలిపి పది అక్షరాలు. 64 బైట్ల అరే ఎక్కువే అనిపిస్తుంది.

రన్ చేస్తారు. తెర మీద ‘గౌనిపల్లి, శ్రీనివాసపు’ వరకే వచ్చింది. దాని వెనక నల్లని వజ్రం గుర్తులో ఒక ప్రశ్నార్థకం.

వేళ్లు మడిచి లెక్కపెట్టండి. గ, ఔత్వం, న, గుడి, ప, ల, పొల్లు, మళ్లీ ల, గుడి: తొమ్మిది. యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, మొత్తం 27. (ఇక్కడి బడిలో నేర్పే కన్నడంలో రాసినా అదే 27.) కామా, ఖాళీ కలిపితే 29. శ్రీనివాసపురానికి 39 కావాలి. చివరి సున్నా బైటు పోను మిగిలింది 34. పదకొండు గుర్తులు 33 తినేశాయి, ఆ మిగిలిన ఒక్క బైటులో ‘ర’ మొదటి ముక్క మాత్రమే పట్టింది.

ఆ కోత పెట్టింది స్టర్‌ఎన్‌క్యాట్, ఒక పేరు వెనక ఇంకొకటి అతికించే ఫంక్షను. 1979 నాటి ఏడో యూనిక్స్‌లోనే ఉంది. దాని మూడో అంకె అరే సైజు కాదు, ఇంకా ఎన్ని బైట్లు చేర్చవచ్చో చెప్పే హద్దు. సున్నాను ఆపైన అదే పెడుతుంది. మీరు 34 ఇచ్చారు, సరిగ్గానే ఇచ్చారు. 64 అని ఇచ్చి ఉంటే 69 బైట్లు రాసి, అయిదు మీది కాని జ్ఞాపకంలో పోసేది. అది ఇంకా ప్రమాదం.

అయినా జ్ఞాపకాన్ని కాపాడి ఊరి పేరు నరికితే ఎలా? విరిగిన బైటు వదిలేసి వెనక్కి జరిగినా చాలదు, తెలుగులో కోత పొల్లు దగ్గర పడితే గౌనిపల్లి కాస్తా ‘గౌనిపల్’ అవుతుంది. నరకడానికి ముందే కొలవాలి.

అందుకు 1999 ప్రమాణంలోని ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఉంది. నల్ పాయింటరు, సున్నా పొడవు ఇచ్చి పిలవండి. ఏమీ రాయదు, పూర్తిగా రాయాలంటే ఎంత పడుతుందో మాత్రం చెబుతుంది: 68. ‘కోలారు జిల్లా’ కూడా చేర్చి అడగండి: 107. సున్నాకు ఒకటి కలిపి మ్యాలక్‌ను 108 బైట్లు అడగండి. ఇచ్చిందో లేదో చూసుకుని, ఈసారి మూడు పేర్లూ రాయించండి.