అజంతా చిత్రముల ప్రతులు

అజంతా గుహాచిత్రములకుఁ బ్రతులు వ్రాయుటకై రాబర్టు గిల్లు 1844లో నియమింపఁబడెను. ఆయన యేండ్ల తరబడి వ్రాసిన పటములలోఁ బెక్కులు 1866లో లండనునందలి క్రిస్టల్ పాలెస్సులోఁ గాలిపోయెను. పిదప 1872 మొదలు గ్రిఫిత్సుదొర బొంబాయి చిత్రకళాశాల విద్యార్థులచే వ్రాయించిన వానిలోను బెక్కింటిని 1885లో లండనులోనే మఱల నగ్ని హరించెను. రక్షణకై కొనిపోయినవే భస్మమగుట విధివిలాసము గాదు; ఒక్కొక్క చిత్రమున కొక్కటే ప్రతి యుండుటయు, అన్నియు నొక్కచోటఁ జేర్చుటయు నందులకుఁ గారణములు.

1909-11 నడుమ హెరింగ్‌హామ్ దొరసాని యువచిత్రకారులతోఁ గూడి మరలఁ బ్రతులు వ్రాసెను. వారిలో నొకఁడగు నందలాల్ బోసు ప్రాచీనరేఖనుండి నూతన చిత్రకళకు బలము దెచ్చెను. హైదరాబాదు సంస్థానపు పురావస్తుశాఖను నడపిన గులాం యాజ్దానీ 1930-55 నడుమ, ఛాయాచిత్రముల యాధారమున రంగులతో ముద్రించిన సంపుటములను నాల్గింటిఁ బ్రకటించెను. అవి పలు గ్రంథాలయములఁ జేరుటచే నొక్క మంటకు సర్వమును బలియగు భయము తొలఁగెను.

నేఁడు మన యిండ్లలోని తాళపత్రములకును, బెద్దల పటములకును ఛాయలు తీయుట సులభము. తీసినవానిని రెండుమూఁడు తావుల దాఁచుట మఱవరాని ధర్మము.